శత్రువుగారి కందకం

విల్ఫ్రెడ్ టర్న్‌బుల్ నోరు తెరిస్తే యుద్ధమే. మామూలు మాట ఒక్కటి రాదు. పోనీ సైన్యంలో పనిచేశాడా అంటే అదీ లేదు. పెళ్ళీ పెటాకులూ లేకుండా జీవితమంతా ఊరి బస్సు నడిపిన మనిషి. ఎవరి ముక్కులోంచో రక్తం కారితే చూసి కళ్ళు తిరిగి పడిపోయిన వీరుడు. అయినా బస్సెక్కినవాళ్ళు అతనికి 'అదనపు బలగాలు', దిగినవాళ్ళు 'పారిపోయిన సైనికులు', టీ తాగే వేళ 'కాల్పుల విరమణ'.

వినేవాళ్ళు హడలిపోయేవారు. పళ్ళ డాక్టరు గదిలోంచి దవడ పట్టుకుని వస్తున్న ముసలాయన్ని ఆపి, "ప్రాణనష్టం ఎంత?" అని అడిగాడు. చర్చిలో పెళ్ళికూతురి దగ్గరికి వంగి, "లొంగుబాటు షరతులు చదువుకున్నావా, తల్లీ?" అన్నాడు. పెళ్ళికొడుకు తల్లి కళ్ళురిమింది. పాదిరిగారి ప్రసంగం కాస్త సాగితే చాలు, "ఈ ముట్టడి ఎప్పుడు ఎత్తేస్తారో!" అని అందరికీ వినబడేలా నిట్టూర్చేవాడు.

అతనంటే బొత్తిగా పడనిది పక్కింటి హిల్డా రాబ్సన్‌కు. ఎలా పడుతుంది? ఆమె భర్త నార్మన్‌ను పట్టుకుని మొహం మీదే 'శత్రువుగారూ' అని పిలిచేవాడు మరి! నార్మన్ నవ్వేసేవాడు. హిల్డాకు ఒళ్ళు మండేది.

ఈ శత్రుత్వమంతా లీక్ కూర కోసం. ఉల్లికాడకు పెద్దన్నలాంటి ఆ కూరను ఆ బొగ్గుగనుల ఊళ్ళో మగవాళ్ళు పెరట్లో కందకాలు తవ్వి, కన్నపిల్లలకన్నా గారాబంగా పెంచుతారు. ఏం ఎరువు వేశారో పెళ్ళానికి కూడా చెప్పరు. సెప్టెంబరులో క్లబ్బులో ఎవరి లీకు లావో పోటీ. దానికి ముందు ఎదుటివాడి మొక్కల్ని కత్తితో కోసిపోయిన పాపాత్ములూ లేకపోలేదు. అందుకే పరాయివాడి కందకంలో కాలు పెట్టడమంటే ఆ ఊళ్ళో పడగ్గదిలో దూరినంత నేరం. ఏటా మొదటి బహుమతి నార్మన్‌ది, రెండోది విల్ఫ్రెడ్‌ది.

"ఈసారి నీ కోట కూలగొడతాను, శత్రువుగారూ!"

"కూలగొడుదువుగానిలే, ముందు టీ తాగు."

ఆ నార్మన్ జూన్‌లో నిద్రలోనే పోయాడు. అంత్యక్రియల్లో విల్ఫ్రెడ్ ఒక్క మాట మాట్లాడలేదు. ఊరంతా విస్తుపోయింది.

లీకులు కందకంలో ఉండిపోయాయి. నార్మన్ తాతల నాటి నుంచి ఏటేటా పిలకలు తీసి కాపాడుకొస్తున్న వంశం అది. ఈ ఏడు ఎండిపోతే ఇంక లేనట్టే. హిల్డా తుంటి నొప్పితో వంగలేకపోయేది. అడిగితే సాయానికి ఎవరైనా వచ్చేవారే, కానీ అడగాలి కదా! పాదిరిగారు వచ్చి, "ఏమైనా సాయం కావాలామ్మా?" అన్నారు. "అబ్బే, నేను బాగానే ఉన్నానండీ." చెల్లెలు ఫోన్ చేసింది. "నేను బాగానే ఉన్నానే." ఇల్లు తగలబడుతున్నా ఆ ఊళ్ళో అందరూ చెప్పే జవాబు అదే. తలుపులు మూసుకున్నాక మాత్రం, కిటికీలోంచి వాలిపోతున్న ఆకుల్ని చూస్తూ ఏడ్చేది.

ఒకరోజు పొద్దున్నే లేచి చూస్తే కందకంలో విల్ఫ్రెడ్! మోకాళ్ళ మీద! చేతిలో కత్తి!

హిల్డా విసురుగా తలుపు తీసింది. చేతికర్ర ఊపుకుంటూ నైట్‌గౌనుతోనే పెరట్లోకి వచ్చింది. "దుర్మార్గుడా! ఆయన సమాధి మీద మట్టి ఆరనేలేదు, అప్పుడే కొయ్యడానికొచ్చావా? సిగ్గు లేదూ!"

విల్ఫ్రెడ్ లేచి సెల్యూట్ కొట్టాడు. "ఈ భూభాగాన్ని నా సేనలు ఆక్రమించాయి. పౌరులు ఇళ్ళలోకి వెళ్ళిపోవాలి."

"నా పెరడయ్యా ఇది! నడు బయటికి!"

"దండెత్తేవాడు అనుమతి అడగడు, తల్లీ."

అప్పుడు చూసింది. అతని కాళ్ళ దగ్గర కుళ్ళిన ఆకులూ కలుపూ కుప్పగా ఉన్నాయి. లీకు ఒక్కటి కూడా తెగలేదు. హిల్డా మొహం ఎర్రబడింది. "నాకెవరి సాయమూ అక్కర్లేదు. నేను బాగానే ఉన్నాను."

"సాయమా? ఎవడు చేస్తానన్నాడు? ఇది దురాక్రమణ."

సాయానికైతే ఆమె దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. దురాక్రమణకు ఏం చెప్పాలో తోచలేదు. లోపలికి పోయి తలుపు ధడాలున వేసుకుంది. కాసేపటికి టీ పట్టుకొచ్చి గట్టు మీద పెట్టింది.

"కాల్పుల విరమణా?"

"నోర్మూసుకుని తాగు."

ఆ వేసవంతా ఆక్రమణ సాగింది. "లేవండ్రా, పిరికిపందల్లారా! మీ నాయకుడి పరువు తీస్తారా?" అని అతను లీకుల మీద అరిచే అరుపులు వీధి చివరిదాకా వినబడేవి. హిల్డా కిటికీ తెరిచి మరీ వినేది.

పోటీ రోజు క్లబ్బు కిక్కిరిసిపోయింది. నాటింది నార్మనే కాబట్టి చీటీ మీద అతని పేరే పెట్టారు. న్యాయనిర్ణేత కొలిచాడు, నొక్కి చూశాడు, మళ్ళీ కొలిచాడు. మొదటి బహుమతి నార్మన్ రాబ్సన్. రెండోది విల్ఫ్రెడ్ టర్న్‌బుల్.

క్లబ్బు కార్యదర్శి నోరు వెళ్ళబెట్టాడు. "నువ్వే పెంచి, నువ్వే ఓడిపోయావా?"

విల్ఫ్రెడ్ కళ్ళల్లో నీళ్ళు, మొహమంతా నవ్వు. "చచ్చి కూడా ఓడించాడు, వెధవ!"

హాలంతా కొయ్యబారిపోయింది. అందరూ భయం భయంగా హిల్డా వైపు చూశారు. హిల్డా మొహం బిగుసుకుంది. తర్వాత పకపకా నవ్వింది. జూన్ తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు.

"విల్ఫ్రెడ్, ఆదివారం మా ఇంటికి భోజనానికి రా."

విల్ఫ్రెడ్ కంగారుపడ్డాడు. టోపీ తీసి చేతుల్లో నలిపాడు. "అబ్బే, ఎందుకులే తల్లీ నీకు శ్రమ. నేను బాగానే ఉన్నాను."

అతని నోట మామూలు మాట! జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆదివారాలు బస్టాండు బల్ల మీద ఒంటరిగా కూర్చుని, కాగితం పొట్లంలో చేపా చిప్సూ తినే విల్ఫ్రెడ్ హిల్డాకు గుర్తొచ్చాడు. ఆ జవాబు సంగతి ఆమెకన్నా బాగా ఎవరికి తెలుసు?

చేతికర్ర ఎత్తి అతని గుండెకు గురిపెట్టింది. "చేతులెత్తు! నువ్వు నా యుద్ధఖైదీవి. ఆదివారం మధ్యాహ్నం, మా వంటింట్లో. పారిపోవాలని చూశావో, జాగ్రత్త!"

ఊరందరినీ హడలగొట్టినవాడు జీవితంలో మొదటిసారి హడలిపోయాడు. గుడ్లు తేలేసి, మెల్లగా రెండు చేతులూ పైకెత్తాడు.

"మరి... ఖైదీలకి పుడ్డింగు పెడతారా?"

"బుద్ధిగా ఉంటే, రెండు."