పెంకులు దించిన పూట

పర్యావరణం గురించి క్లాసులో చెబితే పిల్లలు ఆవలిస్తున్నారని, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఓ శనివారం ఎనిమిదో తరగతిని నర్సీపట్నం పాతవీధుల్లోకి నడిపించుకెళ్ళాను. నేను సోషల్ టీచర్ని. నోరు తెరిస్తే గంట కొట్టేదాకా మూయనని నాకు పేరు. ఆ రోజు చూపించాల్సిన వాటిలో నాకు ప్రాణం ఒక గూనపెంకుల ఇల్లు. ఫ్యాను లేకుండా అది ఎండాకాలంలో ఎలా చల్లగా ఉంటుందో చెప్పాలని వారం రోజులు తయారయ్యాను.

తీరా వెళ్తే ఇంటిమీద ఒకతను కూర్చుని పెంకులు పీకుతున్నాడు! నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇంత మంచి ఇల్లు పడగొట్టడానికి మీకు చేతులెలా వచ్చాయి?" అని కిందనుంచే అందుకున్నాను. అతను పని ఆపి నోరు తెరుచుకుని వినసాగాడు.

గోడవార పెంకులు పేర్చుకుంటున్న ముసలావిడ నామీదికి లేచింది.

"ఆపండి టీచరమ్మా! మీరు మాటాడినంతసేపూ ఆడు సేతులు ముడుసుకు కూకున్నాడు. మద్దేన్నం పొక్లెయినొస్తాది. ఆలోగా దించుకున్నయే నాయి. మిగిల్నయి మట్టిపాలే!"

ఆవిడ వీధుల్లో పాలు పోసుకు బతుకుతోంది. గాలివానకి ఇంటి కప్పు లేచిపోతే ప్లాస్టిక్ పట్టా కట్టుకుని ఉంటోందట. ఈ ఇల్లు పడగొట్టి స్లాబు ఇల్లు కట్టుకుంటున్న యజమాని ఈ పెంకులు పట్టుకుపొమ్మన్నాడు. వానలు చూస్తే ముంచుకొస్తున్నాయి.

నా కోపం ఎటు పోయిందో! నేను చెప్పకముందే పిల్లలు సంచులు అరుగుమీద పారేశారు. గోడ దగ్గర్నుంచి ఆవిడ మాట్లాడుకొచ్చిన రిక్షాదాకా వరస కట్టి పెంకులు చేతులు మార్చడం మొదలుపెట్టారు. ముందు రెండు పగిలాయి. అప్పుడో అమ్మాయి పదమూడో ఎక్కం ఎత్తుకుంది, అందరూ అందుకున్నారు. లెక్కల మాస్టారు బెత్తం చూపించినా పెగలని గొంతులు వీధి చివరిదాకా వినిపించాయి. చేతులకి లయ దొరికింది. రిక్షా వెళ్తోంది, వస్తోంది. నాకైతే ఎగిరి గంతెయ్యాలనిపించింది.

కప్పుమీద ఇంకా రెండు వరసల పెంకులుండగా పొక్లెయిన్ రానే వచ్చింది. పరిగెత్తి దాని డ్రైవరుకి అడ్డంపడి, నా పాఠం మొత్తం అతనికి అప్పజెప్పాను. పెంకు కింద గాలి ఎలా ఆడుతుందో, మట్టిగోడ ఎండని ఎలా ఆపుతుందో ఒక్క ముక్క వదల్లేదు. పాపం, ఇంజను ఆపి మరీ విన్నాడు. "అయిపోనాదా అమ్మా?" అని అతను అడిగేసరికి వెనక ఆఖరి పెంకు రిక్షా ఎక్కింది.

వానలు పట్టాక ముసలావిడ కబురంపితే అందరం వెళ్ళాం. నలభైమందిమీ ఆ చిన్న ఇంట్లో ఇరుక్కుని తలలెత్తి చూశాం. పైన వాన దంచికొడుతోంది, లోపల ఒక్క చుక్క కారడం లేదు. నాకు కళ్ళు చెమర్చాయి. ఇంతలో "ఆ పెంకు నేనందించిందే" అన్నాడొకడు. "కాదెహె, నాది!" అంది ఇంకొకతె. చూస్తుండగానే జుట్లు పట్టుకునేదాకా వచ్చింది.

ముసలావిడ నవ్వుతూ మధ్యలోకొచ్చింది. "అన్నీ మీయేనర్రా, కొట్టుకోకండి."