ఓటమి ఎరగని మావయ్య

రంగూన్ శివారు తాకేటా పేటలో మా వీధంతా మావయ్య అని పిలిచే ఆ పెద్దమనిషి జట్టు ఎప్పుడూ ఓడిపోలేదు. ఇంగ్లండు మిల్లులో కొన్నేళ్ళు పనిచేసి, బంతి చంకన పెట్టుకుని పరిగెత్తే రగ్బీ లీగ్ ఆట పిచ్చి అంటించుకుని రంగూన్ తిరిగొచ్చాడు. అన్నం మాత్రం రెండు పూటలా మా అన్న ఇంట్లోనే.

ఆ ఏడు ఇంగ్లండులో ఆ ఆటకి కప్పు పోటీ మొదలైంది. ఓడిన జట్టు ఇంటికి పోయే పోటీ అది. టీకొట్టులో ఫోను ముందు పెట్టుకుని, తాను పనిచేసిన ఊరి జట్టును మావయ్య "మనోళ్ళు" అన్నాడు. వాళ్ళు ఓడిపోయారు. తరవాతి ఆటకి, వాళ్ళని ఓడించినవాళ్ళే మనోళ్ళయ్యారు.

"అదేటి మావా, మారిపోనావు?" అన్నాను.

"ఓడినోళ్ళు మనోళ్ళెలాగవుతార్రా?" అన్నాడు, నాకే బుద్ధి లేనట్టు.

ఫైనల్ నాడు మనోళ్ళెవరని అడిగితే, "ఉండ్రా, ఆట అవనీ" అన్నాడు. నవ్వి ఊరుకున్నాను.

ఆ నెలలోనే మా గుడి కమిటీ అధ్యక్ష పదవికి అన్న నిలబడ్డాడు. ఓట్లు లెక్కపెడుతుంటే మావయ్య రెండు వర్గాలకీ దూరంగా, గేటు దగ్గర చెప్పులేసుకునే నిలబడ్డాడు.

"ఇటు రా మావా" అని అన్న పిలిచాడు.

"ఉండ్రా, లెక్క అవనీ."

అన్న ఓడిపోయాడు. మావయ్య గెలిచినవాడి మెళ్ళో దండ వేసి, వాళ్ళు పంచిన లడ్డూ నములుతూ నా దగ్గరికొచ్చి, "మనోళ్ళు గెలిసేసారు" అన్నాడు.

మధ్యాహ్నం భోజనానికి మాత్రం అన్న ఇంటికే వచ్చాడు. వదిన వడ్డించింది. అన్న అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. మావయ్య పెరుగు మళ్ళీ అడిగి వేయించుకున్నాడు.