ఎంగిలి సీడీ

ఈశ్వరప్పకు అభిప్రాయం లేని యంత్రం ఈ లోకంలో ఇంకా తయారు కాలేదు. ధర్మవరంలో సైన్సు వార్త రెండుసార్లు వస్తుంది. ఒకసారి పేపర్లో, ఒకసారి ఈశ్వరప్ప నోట్లో. రెండోది కొంచెం పెద్దగా ఉంటుంది.

ఆయన పట్టునూలుకు రంగులద్దే మనిషి. ఇప్పుడు ఆ పని కొడుకులు చూసుకుంటున్నారు. ఆయనకు మిగిలింది మోచేతుల దాకా ఎక్కిన రంగు, బోలెడంత తీరిక. పొద్దున్నే తిప్పమ్మ టీకొట్టులో పేపరు అందుకుని రాజకీయాలు దాటేసేవాడు. సినిమాలు దాటేసేవాడు. లోపలి పేజీలో ఒక మూల ఇరుక్కుని ఉండే కంప్యూటర్ వార్త దగ్గర ఆగేవాడు. చదివి, పేపరు మడిచి, ఎదురుగా ఉన్న ప్రసూన షాపులోకి నడిచేవాడు. అభిప్రాయం అక్కడ వెలువడేది.

ప్రసూన కంప్యూటర్లో చీరల డిజైన్లు గీస్తుంది. నేతగాళ్ళు అంచుకో కొంగుకో ఒక బొమ్మ అనుకుని కాగితం మీద తెస్తే, దాన్ని గళ్ళుగళ్ళుగా విడగొట్టి ఎక్కిస్తుంది. ఆ గళ్ళ ప్రకారం అట్టలకు రంధ్రాలు కొడతారు. అట్టలు మగ్గానికెక్కితే బొమ్మ చీరలోకి దిగుతుంది. ఎవరి బొమ్మ వాళ్ళది. అది బయటికి పొక్కిందంటే నెల తిరక్కముందే పదిమంది నేస్తారు, మొదట అనుకున్నవాడు నోరు చప్పరించుకుంటూ కూర్చుంటాడు. అందుకని ఆ షాపులో అసలు సరుకు నమ్మకం.

ప్రసూనకు పని మానుకుని వినే తీరిక లేదు. వింటూ పని చేసే నేర్పు వచ్చింది. ఆ నేర్పు తనకు ఏ కోర్సులోనూ చెప్పలేదు.

రెండువేల సంవత్సరం రాబోతోందని, తేదీలో రెండు సున్నాలు చూసి కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని దేశమంతా భయపడిన రోజుల్లో ప్రసూన ఇంకా చదువుకుంటోంది. అప్పుడు ఈశ్వరప్ప టీకొట్టు బెంచీ మీద నిలబడి ధైర్యం చెప్పాడట. "మా మెట్టచేనుకు నాలుగేండ్లుగా దిగుబడి సున్నా. ఆ చేను ఏమన్నా ఆగిపోయిందా? మళ్ళా ఇత్తనం ఏస్తానే ఉండాం. సున్నాకు బయపడేది మిషన్ ఎట్లయితాది?" జనవరి ఒకటిన ఏమీ కాలేదు. ఆ విజయాన్ని ఈశ్వరప్ప తన ఖాతాలో వేసుకున్నాడు.

పాస్‌వర్డ్ గురించి చదివిన రోజు ఆయన ముఖం వెలిగిపోయింది. నోటితో ఎవరికీ చెప్పకూడని మాట అని పేపర్లో రాశారు. అట్లాంటి మాట మన ఆడవాళ్ళ దగ్గర ఎప్పటినుంచో ఉందని ఆయన కనిపెట్టాడు.

"మొగుని పేరు పెట్టుకో పాపా. సచ్చినా నోట్లోంచి రాదు."

"నాకింకా పెండ్లి కాలేదు కద మామా."

"అందుకే నీ కంప్యూటర్‌కు బద్రత లేదు," అని ఆయన విచారంగా తల ఊపాడు. తర్వాత వారం రోజులు ఆమెకు సంబంధాలు చూశాడు, కంప్యూటర్ క్షేమం కోరి.

అమెరికాలో ఎవరో ప్రొఫెసర్లు తీగ లేకుండా ఏడడుగుల దూరంలో బల్బు వెలిగించారని వార్త వచ్చిన రోజు కరెంటు లేదు. షాపులో పని ఆగిపోయింది. నేతగాళ్ళు గడప దగ్గర కూర్చుని విసురుకుంటున్నారు. ఇంతకంటే మంచి సభ ఈశ్వరప్పకు దొరకదు. అమెరికావాళ్ళకు తీగ లేదు, కరెంటు ఉంది. మనకు తీగ ఉంది, కరెంటు లేదు. ఇద్దరూ ఒక ఊళ్ళో ఉండుంటే ఏ గొడవా లేకపోయేదని ఆయన తీర్మానించాడు. ఆ మీదట ఆయనకు మోటర్ల రైతులు గుర్తొచ్చారు. కరెంటు గాల్లో పోతే వాళ్ళు కొక్కీలు యాడ తగిలించాల అని అడిగాడు. తిప్పమ్మ టీ గ్లాసులు పెడుతూ, మరి కాకులు యాడ కూర్చోవాల అంది. ఈశ్వరప్ప చాలాసేపు ఆలోచించాడు. ప్రొఫెసర్లు ఈ సంగతి చూసుకోలేదని నిజంగానే బాధపడ్డాడు.

ఇవన్నీ చిన్నవి. ఆయన పేరు నిలబెట్టింది ఎంగిలి సిద్ధాంతం.

ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు వైరస్ ఎట్లా పోతుందో పేపరు ఒక పేజీ రాసింది. ఈశ్వరప్ప ఒక్క మాటలో తేల్చాడు. ప్రసూన కంప్యూటర్లో సీడీ పెట్టే పళ్ళెం బయటికొచ్చినప్పుడు వేలు పెట్టి చూపించాడు.

"ఇదేంది? నాలిక. సీడీ ఏంది? ముద్ద. ఒగరి నోట్లో పెట్టి తీసిన ముద్ద ఇంగొగరి నోట్లో పెడితే ఏమంటాం మనం?"

"ఎంగిలంటాం," అన్నారు గడప దగ్గరివాళ్ళు.

"ఈ ముక్క చెప్పేకి వానికి పేజీ పట్టినాది."

ఆ రోజు నుంచి ఎవరు సీడీ తెచ్చినా, ఫ్లాపీ తెచ్చినా, ఈశ్వరప్ప గడప దగ్గరే పట్టుకునేవాడు. ఇది ఇంతకుముందు ఎవరింట్లో తిన్నాది అని అడిగేవాడు. జవాబు నచ్చకపోతే వెనక్కి పంపేవాడు. ప్రసూన నవ్వేది. అయితే ఆమె కంప్యూటర్‌కు ఒక్కసారి కూడా వైరస్ రాలేదు, అందువల్ల ఆమె గట్టిగా నవ్వలేకపోయేది.

ఆ ఏడు ఎండాకాలంలో నాగలక్ష్మమ్మ ఒక డిజైను తెచ్చింది. భర్త పోయాక తన మగ్గాలను తానే నడుపుకుంటున్న మనిషి. మామిడిపిందెలు, హంసలు అందరూ నేస్తున్నారని, తన చేల్లో ఉన్నదే గీసింది. చెనిక్కాయ బుటా. రెండు గింజల వేరుశనగ కాయ, పక్కన చిన్న ఆకు, కిందికి దిగిన ఊడ. జరీలో వేస్తే కాయ నిజంగా మట్టిలోంచి అప్పుడే పీకినట్టుంది. మొదటి చీర మగ్గం దిగింది. దాన్ని ఆమె పెట్టెలో పెట్టి, శ్రావణమాసం పెళ్ళిళ్ళ దాకా ఎవరి కంటా పడకూడదంది. ఆ చీర మీదే ఆమె మగ్గాలు ఆధారపడి ఉన్నాయని ప్రసూనకు తెలుసు.

ఆషాఢంలోనే హిందూపురంలో ఒక కొట్టు అద్దాల వెనక చెనిక్కాయలు కనిపించాయి.

నాగలక్ష్మమ్మ అరవలేదు. షాపులోకి వచ్చి స్టూలు మీద కూర్చుంది.

"నేను ఈ బొమ్మ నీకు తప్ప ఎవురికీ సూపీలేదు పాపా," అంది. అంతే. లేచి పోయింది.

ఆ మాట బజారు చుట్టి రావడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. సాయంత్రానికి ఇద్దరు నేతగాళ్ళు వచ్చి, ఏదో పని గుర్తొచ్చినట్టు, తమ డిజైన్లు వెనక్కి తీసుకుపోయారు. మరునాడు ఇంకొకరు. నాలుగు రోజులు ఇట్లాగే జరిగితే షాపు మూసుకోవాల్సిందేనని ప్రసూనకు అర్థమైంది.

ఆమెను అంతకంటే కలవరపెట్టింది ఇంకొకటి. ఈశ్వరప్ప మాట్లాడటం లేదు. పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటున్నాడు. ఇది ఎట్లా పొక్కిందంటావు మామా అని ఆమె అడిగింది. పేపర్లో రాలేదు కద పాపా, నాకెట్ల తెలుస్తాది అన్నాడు. కాకులు ఎక్కడ కూర్చోవాలో ఆలోచించిన మనిషికి దీని మీద అభిప్రాయం లేకపోవడం ఆమె నమ్మలేకపోయింది.

శనివారం నాడు నాగలక్ష్మమ్మ మళ్ళీ వచ్చింది. వెనక ఆమె కొత్త కోడలు అరుణజ్యోతి ఉంది. ఇంకా వెనక బజారు సగం ఉంది. నాగలక్ష్మమ్మ చేతిలో ఒక సీడీ ఉంది.

అది గుత్తిలో జరిగిన పెళ్ళి సీడీ. అరుణజ్యోతి పుట్టింటివైపు పెళ్ళి. మగ్గాల పని వదల్లేక నాగలక్ష్మమ్మ పోలేదు. కోడలు పోయింది. ఏ పెళ్ళినీ వదలని ఈశ్వరప్ప కూడా పోయాడు. ఆ హిందూపురం కొట్టాయన కూడా అక్కడికొచ్చాడని ఇప్పుడు తెలిసింది.

"ఈ ఊరోళ్ళెవురో ఆడ ఆయప్ప చేతికి నా బొమ్మ ఇచ్చినారు," అంది నాగలక్ష్మమ్మ. "ఆయప్ప పక్కన ఎవురు నిలబడినారో దీంట్లో ఉంటాది. నేనూ ఇంగా సూల్లేదు. నువ్వు సుద్దంగా ఉంటే నీ కంప్యూటర్లోనే పెట్టు. అందరూ సూస్తారు."

ప్రసూనకు ప్రాణం లేచొచ్చింది. తను ఆ పెళ్ళికే పోలేదు. మీట నొక్కింది. పళ్ళెం బయటికొచ్చింది. అప్పుడు అరుణజ్యోతి ముఖం చూసింది. ఆ పిల్ల గోడకు ఆనుకుని, గోడ రంగులోకి మారిపోతోంది.

"ఆగు పాపా," అన్నాడు ఈశ్వరప్ప. "ఎంగిలి సీడీ అది."

నాగలక్ష్మమ్మ పక్కకు జరగమంది. ఆయన జరగలేదు. పెళ్ళి సీడీ అంటే ఊరుమ్మడి విస్తరి లాంటిదని, ఇప్పటికి ఎన్ని ఇళ్ళలో తిని వచ్చిందో అని మొదలుపెట్టాడు. గుంపులో ఎవరో నవ్వారు. నాగలక్ష్మమ్మ నవ్వలేదు.

"ఈశ్వరన్నా, జరుగు. నా మగ్గాల గతి ఇది."

ఈశ్వరప్ప సీడీ వైపు చూశాడు, పళ్ళెం వైపు చూశాడు. రంగు చేతులతో మెల్లగా పళ్ళేన్ని లోపలికి నెట్టాడు.

"సూడాల్సిన పని లేదులేమ్మా. ఆయప్ప పక్కన నిలబడింది నేనే."

ఎట్లా జరిగిందో ఆయనే చెప్పుకొచ్చాడు. ప్రసూన అన్నానికి పోయినప్పుడు ఒక పాత ఫ్లాపీ పెట్టి ఆ బొమ్మ తీసుకున్నాడట. మా ఊళ్ళో కంప్యూటర్లు ఏమేం చేస్తాయో పదిమందికీ చూపిద్దామని గుత్తికి తీసుకుపోయాడట. గొప్ప చెప్పుకుంటూ ఆ కొట్టాయన చేతిలో పెట్టాడట. ఎవరికీ అమ్మలేదట. నోటి దురదట.

"యాడి ఫ్లాపీ మామా అది?" అని గుంపులోంచి ఒకడు అడిగాడు.

ఈశ్వరప్ప తల వంచుకున్నాడు. "ఎంగిలిదే నాయనా."

బజారు బద్దలైంది. కొందరు కడుపు పట్టుకుని నవ్వారు. నాగలక్ష్మమ్మకు వారమంతా దాచుకున్న కోపానికి చోటు దొరికింది. నోరు ఊరుకోని మనిషికి చెయ్యి మాత్రం ఊరుకుంటాదా అని, తెల్లవెంట్రుకలకు మర్యాదివ్వకుండా కడిగేసింది. తర్వాత ప్రసూన వైపు తిరిగింది. నిన్ను అనుకున్నా పాపా, మనసులో పెట్టుకోవద్దు అంది. ఈ మనిషి ఇంక ఈ గడప తొక్కకపోతే తన పని ఇక్కడే చేయించుకుంటానని అందరి ముందూ చెప్పింది. ఈశ్వరప్ప పేపరు చంకలో పెట్టుకుని గడప దిగాడు. కోపంలో నాగలక్ష్మమ్మ మరిచిపోయిన సీడీ బల్ల మీదే ఉండిపోయింది.

డిజైన్లు తీసుకుపోయినవాళ్ళు ఆ సాయంత్రమే, ఏదో పని గుర్తొచ్చినట్టు, వెనక్కి తెచ్చారు. రోడ్డుకు అవతల టీకొట్టులో కుర్రాళ్ళు ఈశ్వరప్పకు గ్లాసు అందిస్తూ, కడిగిందేలే మామా, ఎంగిలి కాదు అంటున్నారు. ఆయన తీసుకుని తాగుతున్నాడు.

ప్రసూనకు మాత్రం కడుపు మండిపోతోంది. ఇన్నేళ్ళు గడప దగ్గర కాపలా కాసి, చివరికి తానే దొంగపని చేశాడు. అసలు ఎట్లా చేశాడో చూద్దామని వంగి కంప్యూటర్ పెట్టెను చూసింది. ముందు చూసింది. పక్కల చూసింది. మొన్న ఉగాదికి కొన్న కొత్త కంప్యూటర్ అది. దానికి ఫ్లాపీ పెట్టే సందే లేదు.

ఆమె లేచి తలుపు దగ్గరికి వేసి సీడీ పెట్టింది.

ఆ పెళ్ళి నిండా ఈశ్వరప్పే. నాదస్వరం వాయించే మనిషికి ఏదో చెబుతున్నాడు. పంతులుకు చెబుతున్నాడు. తాళి కట్టబోతున్న పెళ్ళికొడుక్కి కూడా చెబుతున్నాడు. తర్వాత అరుణజ్యోతి కనిపించింది. ఆకుపచ్చ చీర, ఒళ్ళంతా బంగారు చెనిక్కాయలు. అత్త పెట్టెలో ఉండాల్సిన చీర. పిల్లలు అడిగితే కొంగు చాపి గిర్రున తిరిగి చూపిస్తోంది. తిరుగుతుంటే కాయలన్నీ కదులుతున్నాయి. కొట్టాయన ఫొటోకు సెల్‌ఫోను పైకెత్తాడు. భోజనాల బంతిలోంచి ఈశ్వరప్ప ఎంగిలి చేత్తోనే పరుగెత్తుకొచ్చి అడ్డం నిలబడ్డాడు. అప్పటికే ఫోను జేబులోకి పోయింది. ఈశ్వరప్ప ఆ పిల్ల వైపు తిరిగి నోరు తెరిచాడు. ఆమె ఇంకా నవ్వుతూ తిరుగుతోంది, ఏమీ తెలియకుండా. ఆయన నోరు మూసుకున్నాడు.

సీడీ మొత్తంలో ఆయన నోరు మూసుకుని కనిపించింది అక్కడొక్కచోటే. ప్రసూన అక్కడ ఆపి చూసింది.

పొద్దున్నే అరుణజ్యోతి వచ్చింది. సీడీ అడగలేదు. ముందు ఒక కాగితం ఇచ్చింది. అత్తమ్మ కొత్త బొమ్మ ఇచ్చినాది, రేగిపండ్లు, శ్రావణానికి అందేట్టు బిన్నా చేయమనింది అని చెప్పింది. తర్వాత బల్ల వైపు చూసింది.

"చూసినావాక్కా?"

"చూసినా." ప్రసూన సీడీ తీసి ఆమె చేతిలో పెట్టింది. "చీర నీకు బాగుండాది."

అరుణజ్యోతికి ఏడుపు రావాల్సింది, నవ్వొచ్చింది. "నిన్న సాయంత్రమే అత్తమ్మకు నేనే చెప్తానంటి. ఈశ్వరప్ప మామ వద్దన్నాడు. సీర కట్టేదే నలుగురూ సూడాలని, దానికి తాళం యాడ ఏస్తాం అన్నాడు. ఒక మనవడు పుట్టినాక చెప్పు, అప్పుడు ఏం చెప్పినా మీ అత్త నవ్వుతాది అన్నాడు."

"ఇది పేపర్లో చదివింది కాదు," అంది ప్రసూన.

ఇద్దరూ రోడ్డు వైపు చూశారు. ఈశ్వరప్ప బెంచీ చివర కూర్చున్నాడు. పేపరు చదవడం అయిపోయింది. మడిచాడు. నడిచి పోవడానికి చోటు లేదు. మళ్ళీ విప్పాడు.

అరుణజ్యోతి రోడ్డు దాటింది. ప్రసూన వెనకే వెళ్ళింది.

"మామా, పొద్దున పేపర్లో ఏమొచ్చినాది?" అంది అరుణజ్యోతి.

ఈశ్వరప్ప తన వెనక ఎవరున్నారో చూశాడు. ఎవరూ లేరు. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఆయన్ను ఎవరూ అడగలేదు. అడిగే లోపల ఆయనే చెప్పేసేవాడు.

"ఫోనంట," అన్నాడు మెల్లగా. "బటన్లే ఉండవంట. అద్దం మీద ఏలు పెడితే పని చేస్తాదంట."

"దాని మీద నువ్వేమంటావు?"

తిప్పమ్మ టీ వడపోయడం ఆపింది. ఈశ్వరప్ప గొంతు సవరించుకున్నాడు. రంగు వేళ్ళు చూసుకున్నాడు. మళ్ళీ సవరించుకున్నాడు. ఏమీ రాలేదు.

"రేపు చెప్తామ్మా," అన్నాడు చివరికి. "అడగనోళ్ళకైతే ఏమన్నా చెప్పొచ్చు. అడిగినోళ్ళకు ఆలోచించి చెప్పాల."