రోబో నోట్లో నీళ్లు

ఈ రోజు క్యాంపస్‌లో నా థీసిస్ ఇరుక్కుపోయింది. సినిమాల్లో రోబోలు తమ పుట్టుకకు అర్థం వెతుక్కోవడం గురించి నేను రాసిన అధ్యాయాన్ని ఏఐ రాసిందని సాఫ్ట్‌వేర్ తేల్చింది.

"నువ్వే రాసినవని నమ్మేదెట్లమ్మా?" అన్నారు మా గైడ్, పేజీలు తిప్పుతూ.

సినిమా అంతా వెతికినా తామెవరో చెప్పే రుజువు ఆ రోబోలకే దొరకలేదు, నాకెక్కడ దొరుకుతుంది?

ఒక పేజీ దగ్గర ఆయన ఆగారు. "'రోబో పోయేటప్పుడు నోట్లో నీళ్లు పోసేవాళ్లు కూడా లేరు.' ఇదేంది? నీళ్లు పోస్తే ఖరాబ్ అయితది గద!"

"మా నాయనమ్మ పోయేటప్పుడు నేనే పోసిన సార్. ఆ సీన్ చూస్తుంటే గదే యాదికొచ్చింది."

ఆయన పెన్ను తీశారు. ఆ అధ్యాయం కింద సంతకం పెట్టారు. "గీ తప్పు మెషీన్ చెయ్యదు. ఆ లైను కొట్టెయ్యకు."

తార్నాక స్టాపులో బస్సు ఎక్కి ఆ లైను మళ్లీ చదువుకున్నాను. మీరు మనుషులేనని మీ ఏ తప్పు సాక్ష్యం చెబుతుంది?