దీవులాయన అడగని ప్రశ్న

వీధిలో అందరికీ ఆయన దీవులాయన. మందుల షాపుకీ, తాళాలు బాగుచేసే అతని కొట్టుకీ మధ్య ఇరుక్కున్న ఒంటి గదిలో ఆయన ట్రావెల్ ఆఫీసు. ఒక బల్ల, ఎదురుగా రెండు కుర్చీలు, గోడకి ప్రపంచ పటం. ఆ పటంలో పై సగం కొన్ననాటిలాగే ఉంది. భూమధ్యరేఖకి దిగువ సగం మాత్రం వేళ్ళు తగిలి తగిలి వెలిసిపోయింది. ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళందరికీ దూరాభారం వెళ్ళాలనే సరదా మరి. మూడు విమానాలు మారి, ఆఖర్న ఓ చిన్న పడవెక్కితే గాని చేరలేని దీవులే వాళ్ళకి కావాలి. దగ్గర్లో బీచి ఉందిగా అంటే వినరు.

పెద్ద పెద్ద ఆఫీసులు వదిలేసి జనం ఈ ఇరుకు గదికి రావడానికి కారణం ఆయన పద్ధతి. టికెట్లు చేతికిచ్చే ముందు, వచ్చినవాళ్ళ ఎదురుగానే, ఆ ఆఖరి పడవ నడిపే మనిషికి ఫోన్ చేస్తాడు. పడవ బాగుందా, సముద్రం బాగుందా అని అడగడు. అలా అడిగితే ఎవడైనా బ్రహ్మాండంగా ఉందనే అంటాడు కదా. ఒక్కటే ప్రశ్న: ఆ రోజుల్లో ఆ పడవలో నీ ఇంట్లోవాళ్ళని ఎక్కిస్తావా? అవతలి మనిషి టక్కున ఎక్కిస్తానన్నాడా, టికెట్లు ఇచ్చేస్తాడు. గొంతు సవరించుకున్నాడా, తేదీలు మార్చేస్తాడు. ఇన్నేళ్ళలో ఆయన పంపినవాళ్ళలో ఒక్కరికీ కాలు తడవడం తప్ప ఏమీ కాలేదు.

ఇంతమందిని సముద్రాలు దాటించిన ఈ మహానుభావుడు తాను మాత్రం ఏ దీవీ చూడలేదు. పడవ ఎక్కలేదా అంటే, ఎక్కాడు పాపం, అబద్ధమెందుకు? ఓసారి ఓ బృందాన్ని సాగనంపడానికి రేవుకి వెళ్ళి, తాడుతో కట్టేసి ఉన్న పడవలో కాలు పెట్టాడు. కాళ్ళ కింద చెక్క మెల్లగా కదిలింది. అంతే, అక్కడే చతికిలబడి పక్కనున్న ఇనప కమ్మీ పట్టుకున్నాడు. పడవ రేవు వదల్లేదు గాని, ఈయన కమ్మీ వదలడానికి ఇద్దరు మనుషులు వచ్చి వేళ్ళు ఒక్కొక్కటే విడదీయాల్సొచ్చింది. అందరూ నీలం నీళ్ళని చూసి ఆహా అనుకునే దీవుల బొమ్మల్లో ఈయనకి లోతు కనిపిస్తుంది. రేవు సంగతి ఇంట్లో చెప్పలేదు. మగాడు, పైగా దీవులాయన, ఎలా చెప్తాడు?

ఆయన భార్య పళ్ళ డాక్టరు దగ్గర సహాయకురాలు. రోజంతా నోళ్ళు తెరుచుకున్నవాళ్ళకి "అయిపోయింది, అయిపోయింది" అని చెప్పడమే ఆవిడ పని. పేషెంట్లు భయం మర్చిపోతారని డాక్టరు గది పైకప్పుకి ఓ పెద్ద బొమ్మ అంటించాడు. నీలం నీళ్ళ మధ్య తెల్లటి ఇసక, నాలుగు చెట్లు, ఓ చిన్న దీవి. కుర్చీలో వెల్లకిలా పడుకున్నవాళ్ళకే అది సరిగ్గా కనబడుతుంది. పక్కన నిలబడి ఉమ్మి పీల్చే గొట్టం పట్టుకునే ఆవిడకి, మెడ ఎంత వెనక్కి వాల్చినా, తలకిందులుగానే కనిపించేది. రిటైరైన రోజున డాక్టరు నవ్వుతూ ఆవిణ్ణి ఆ కుర్చీలో పడుకోబెట్టాడు. ఆవిడ అన్నేళ్ళ తర్వాత ఆ బొమ్మని మొదటిసారి నిటారుగా చూసింది. చూసి ఏడ్చేసిందట. ఎందుకో తనకే తెలీదంది.

ఇంటికి రాగానే చెప్పులు విడిచే తీరిక కూడా లేకుండా, ఆయన ఎందరినో పంపిన ఆ బొమ్మలోని దీవిని తనకీ చూపించమంది. ఇన్నేళ్ళలో తానేమీ అడగలేదని, ఇదొక్కటి కాదనొద్దని అంది. నిజంగానే ఆవిడ ఏమీ అడగలేదు, అందుకే ఆయనకి కాదనడానికి నోరు రాలేదు. సరేనన్నాడు. అన్న క్షణం నుంచీ స్నానాల గదిలో బకెట్లో నీళ్ళు ఊగినా ఆయనకి రేవులో చెక్క కదిలినట్టే ఉండేది.

భయపడ్డవాడి బుర్ర పాదరసంలా పనిచేస్తుంది, పాడు పనులకైతే మరీను. మనకి చలి వణికించే నెలల్లో అక్కడ మంచి ఎండాకాలమనీ, భూమికి అటుపక్క అంతా తలకిందులనీ భార్యకి చెప్పాడు. ఆవిడ చిన్నపిల్లలా సంతోషపడింది. చెప్పినదాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు. మింగేసిన ముక్క వేరే ఉంది. అక్కడి ఆ ఎండాకాలమే తుఫాన్ల కాలం కూడాను. ఆ రోజుల్లో ఆ చిన్న దీవికి ఏటా పడవలు ఆపేస్తారు. బయలుదేరే ముందు పడవల్లేవని కబురొస్తుంది, అయ్యో పాపం అనుకుంటారు, పెట్టెలు అటకెక్కిపోతాయి. తాను వద్దనక్కర్లేదు, ఆ మాట సముద్రమే అనేస్తుంది. ఇంత తెలివి చూపించినందుకు తనలో తానే మురిసిపోయాడు కూడా.

ఆవిడ టోపీ కొనుక్కుంది. ఈత కొలనుకి వెళ్ళి నీళ్ళమీద తేలడం నేర్చుకుంది. కనిపించినవాళ్ళందరికీ చెప్పుకుంది. సరిగ్గా అప్పుడు ఆ దీవి నుంచి పడవాయన ఫోన్ చేశాడు. ఇద్దరూ ఏనాడూ మొహం చూసుకోలేదు గాని, గొంతులకి మాత్రం పాత స్నేహం. శుభవార్త చెప్తున్నట్టు చెప్పాడతను: యజమాని మారాడట, కొత్త పడవ తెచ్చాడట, ఈ ఏడాది తుఫాను కాలమైనా సరే తిప్పి తీరాలన్నాడట. మీవాళ్ళని పంపించండి సార్, పడవ ఆగదు అన్నాడు.

అడగాల్సిన ప్రశ్న దీవులాయన నాలుక చివరిదాకా వచ్చింది. ఆ పడవలో నీ ఇంట్లోవాళ్ళని ఎక్కిస్తావా? అడిగితే అవతల ఏం వినాల్సి వస్తుందో ఆయనకి తెలుసు. వింటే తేదీలు మార్చాలి, మారిస్తే ఎందుకో ఆవిడకి చెప్పాలి. అడక్కుండానే సరే అని ఫోన్ పెట్టేశాడు. ఆ పని మొదలుపెట్టాక ఆ ప్రశ్న అడక్కపోవడం అదే మొదలు.

ఇక అన్నం సయించలేదు. ఏం చెయ్యాలో తోచక నడుం నొప్పి తెచ్చుకున్నాడు. అన్ని గంటలు విమానంలో కూర్చోలేనన్నాడు, మంచం మీద అటూ ఇటూ దొర్లి మూలిగాడు. తాను కదలకపోతే ప్రయాణం ఆగిపోతుందని ఆశ. ఆవిడ అక్క, అంటే ఈయన వదినగారు, పలకరించడానికొచ్చి పక్కనే కూర్చుని, మరిదిగారూ మీరు హాయిగా పడుకోండి, చెల్లికి తోడు నేను వెళ్తానంది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడ్డట్టయింది. తన ప్రాణం గట్టునే ఉంది. ఆవిడ ప్రాణమే ఆ పడవలో ఉంది, ఎక్కిస్తున్నది తానే.

చెప్పేస్తే తీరిపోయేది. కాని ఏమని చెప్తాడు? నేను పిరికివాణ్ణి, అందుకే నిన్ను తుఫానులోకి పంపుతున్నానని చెప్పాలా? నోరు తెరిచినప్పుడల్లా ఆవిడ టోపీ పెట్టుకుని అద్దంలో చూసుకుంటూ కనిపించేది. నోరు మూసుకునేవాడు. తేలు కుట్టిన దొంగలా ఇంట్లో తిరిగాడు. రేడియోలో గాలి అన్న మాట వినబడితే చాలు, దాన్ని కట్టేసేవాడు.

టికెట్లు తీసుకునే రోజు ఆవిడ ఆఫీసుకే వచ్చింది. ఇంట్లో ఇస్తానంటే ఒప్పుకోలేదు. అందరిలాగే బల్లకి ఎదురుగా కూర్చుని, ఒళ్ళో సంచీ పెట్టుకుని, ముసిముసిగా నవ్వింది.

"ఊళ్ళోవాళ్ళందరికీ చేస్తారుగా ఫోను. నాకూ చెయ్యండి."

తప్పక నంబరు నొక్కాడు. అవతల మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. గండం గడిచిందనుకుని ఫోన్ బల్ల మీద పెట్టాడు.

"పోనీ, మీరే చెప్పండి," అంది ఆవిడ ఆటపట్టిస్తూ. "ఆ నెల్లో ఆ పడవలో మీ ఇంట్లోవాళ్ళని ఎక్కిస్తారా?"

ఆవిడ చూపు మెల్లగా ఆయన చేతుల మీదికి దిగింది. ఆ చేతులు కుర్చీ చేతుల్ని పట్టుకుని ఉన్నాయి, కణుపులు తెల్లబడేలా. అలా పట్టుకున్న చేతులు జీవితమంతా చూసిన మనిషి ఆవిడ. నవ్వు పోయింది. కుర్చీలో పడుకున్నవాళ్ళని అడిగే గొంతుతోనే అడిగింది.

"ఎక్కడ నొప్పి?"

"ఎక్కించను," అన్నాడాయన. ఆ తర్వాత ఆగలేదు. రేవులో కూలబడ్డ రోజు దగ్గర్నుంచి, తుఫాను నెలల మీదుగా, పడవాయన్ని అడక్కుండా ఫోన్ పెట్టేసిన దాకా మొత్తం కక్కేశాడు.

ఆవిడ తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు. ఆవిడ ఒళ్ళో సంచీ పట్టీ సర్దుకుంది.

"నేను అడక్కపోతే?" అంది.

విమానాశ్రయం గుమ్మంలో ఆపేవాణ్ణేనని అనబోయాడు. లోపల వెతికాడు, నిజంగానే వెతికాడు. ఆపేవాడా? టాటా చెప్పి ఇంటికొచ్చి రేడియో పెట్టుకుని కూర్చునేవాడా? ఇన్నాళ్ళూ నీళ్ళంటే భయపడ్డవాడికి ఆ క్షణాన తానంటేనే భయమేసింది.

"తెలీదు," అన్నాడు.

అప్పుడే ఫోన్ మోగింది. పడవాయనే, ఇందాక ఎత్తలేకపోయానని చేశాడు. ఆ నెల వద్దని, గాలులన్నీ సద్దుమణిగాక ఎప్పుడు రావచ్చో చెప్పమని అడిగాడు దీవులాయన. అడిగి, ఆ రోజుల్లో నీ ఇంట్లోవాళ్ళని ఎక్కిస్తావా అన్నాడు. అవతల టక్కున జవాబొచ్చింది. ఎక్కిస్తా. మరి ఎంతమంది సార్ అని కూడా అడిగాడు.

ఇద్దరని చెప్పి భార్య వంక చూశాడు.

"ఇద్దరంటే నేనూ మా అక్కా," అంది ఆవిడ పటం వంక చూస్తూ.

పక్క కొట్లో తాళాలతను ఏదో అరగదీస్తున్న చప్పుడు వినిపిస్తోంది. దీవులాయనకి కాళ్ళ కింద నేల ఆనాటి చెక్కలాగే కదిలింది.

"ముగ్గురు," అన్నాడు ఫోన్లో.

ఫోన్ పెట్టేశాక కూడా ఎడంచెయ్యి కుర్చీని వదల్లేదు. ఆవిడ లేచి, బల్ల చుట్టూ తిరిగొచ్చి, ఆయన మొహంలోకి చూడకుండా ఆ వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది.