తాతగారి నవ్వూ, గుమ్మడి వడియాలూ

కంప్యూటరంటే ఏమిటో తెలియకపోయినా, కంప్యూటరు తెలిసిన కుర్రాడొకడు తమ చుట్టాల్లో ఉండితీరాలని బెజవాడంతా పట్టుబట్టిన కాలం ఒకటి ఉండేది. రెండువేల సంవత్సరం వచ్చి, అందరూ భయపెట్టినట్టు లోకం మునిగిపోకుండానే వెళ్ళిపోయిన తర్వాతి రోజులవి. మా చుట్టాల్లో ఆ కుర్రాణ్ణి నేను. బీసెంట్ రోడ్డు వెనక సందులో ఒక కంప్యూటర్ల షాపులో పనిచేసేవాణ్ణి. (పనంటే, పాడైన సీపీయూ మూత తీసి, బ్లోయరుతో దుమ్ము ఊది, మళ్ళీ మూత పెట్టడం. సగం దాంతోనే బాగయ్యేవి. మిగతా సగం కూడా బాగయ్యాయని మా ఓనరు గారు కస్టమర్లకి చెప్పేవారు.) ఈ మాత్రం విద్యకే చుట్టాలిళ్ళలో నాకు జరిగిన మర్యాద పెద్దాసుపత్రి సర్జను గారికి కూడా జరిగి ఉండదు. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా ముందు కంప్యూటరు నాడి చూసి, ఆ తర్వాతే విస్తరి ముందు కూర్చునేవాణ్ణి. ఏమీ తోచనప్పుడు "మదర్‌బోర్డు కాస్త వీకయింది" అని తల పంకించేవాణ్ణి. ఇంటిల్లిపాదీ నాతోపాటు పంకించేవారు.

పటమటలో మా పెదనాన్న ఉండేవారు. ఫిజిక్సు లెక్చరరుగా రిటైరయి, పాఠం చెప్పడానికి ఇక ఎవరూ చిక్కక, ఇంట్లో ఒక సర్వరు పెట్టుకున్నారు. ఏదో ఆఫీసు మూతపడితే వేలంలో తెచ్చిన పెట్టె అది. బీరువాకి తమ్ముడిలా ఉండేది. ఆన్ చేస్తే రైసుమిల్లు చప్పుడు. మెయిన్‌రోడ్డు మీద పోయే లారీవాళ్ళు తమ బండికేదో అయిందనుకుని దిగి టైర్లు తన్ని చూసుకునేవారని చెప్పుకునేవారు. (చెప్పింది నేనే.) దాని వెనకనుంచి వచ్చే వేడిగాలికి మా పెద్దమ్మ వానాకాలంలో తువ్వాళ్ళు ఆరేసేది. ఆ ఇంట్లో ఆ సర్వరు వల్ల మొదట ఉపయోగం పొందినది ఆ తువ్వాళ్ళే.

రెండో ఉపయోగం పెళ్ళి క్యాసెట్లు. "వీడియో క్యాసెట్లకి బూజు పట్టేస్తుందిరా, అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించేద్దాం" అని పెదనాన్న చుట్టాలందరి దగ్గరా క్యాసెట్లు పోగుచేసి, నెలల తరబడి కూర్చుని ఎక్కించారు. ఖాళీ అయిన క్యాసెట్లని మైలవరంలో ఉన్న మా బాబాయి గోనెసంచిలో వేసుకుపోయాడు. ఆయన వాటిలో టేపంతా లాగి, చిలకలు రాకుండా మొక్కజొన్న చేనుకి అడ్డంగా నిలువుగా కట్టుకున్నాడు. గాలికి ఆ టేపు తళతళా మెరుస్తూ బుయ్యిమంటుంటే పిట్ట వాలదని ఆ ప్రాంతంలో నమ్మకం. అలా మా వంశంలో జరిగిన పెళ్ళిళ్ళన్నిటికీ లోకంలో మిగిలిన ఒకే ఒక్క సాక్ష్యం పటమటలోని ఆ పెట్టె.

అన్ని పెళ్ళిళ్ళున్నా పెద్దమ్మకి కావలసింది ఒక్కటే, వాళ్ళ చెల్లెలి పెళ్ళి. అందులో వాళ్ళ నాన్నగారు నవ్వుతారు. ఇది చిన్న విషయం కాదు. ఆ తాతగారు హెడ్మాస్టరుగా చేశారు. ఆయన నవ్వగా చూసినవాడు కృష్ణాజిల్లాలో లేడు, గుంటూరు జిల్లాలో ఉన్నట్టు కూడా కబురు లేదు. ఫొటోలు తీసేవాళ్ళు ఆయన ముందుకొచ్చి "కాస్త నవ్వండి సార్" అనబోయి "సారీ సార్" అని నొక్కేసేవారు. అలాంటి మనిషి ఆ పెళ్ళిలో మూడు నాలుగు క్షణాలు పళ్ళన్నీ కనబడేలా నవ్వారు. ఎందుకంటే, పెద్దల్లుడైన మా పెదనాన్న వీడియో తీసేవాడికి కటకం సూత్రాలు వివరిస్తూ, వెనక్కి వెనక్కి నడిచి, మజ్జిగ గంగాళంలో కూర్చున్నారు. వీడియో వాడు బుద్ధిమంతుడు. గంగాళాన్ని వదిలేసి కెమెరా తాతగారి వైపు తిప్పాడు. తర్వాత రెండేళ్ళకే తాతగారు పోయారు. "ఫొటోలన్నిట్లో నాన్న నన్ను కోప్పడుతున్నట్టే ఉంటాడురా. ఈ ఒక్క చోటే కోప్పడడు" అనేది పెద్దమ్మ. నెలకోసారైనా అది వేయించుకుని చూసేది. పెదనాన్న ఆ గదిలోంచి లేచి వెళ్ళి మొక్కలకి నీళ్ళు పోసుకునేవారు.

చుట్టాల్లో పెళ్ళిళ్ళు ఆగవు కదా, పెట్టె నిండిపోయింది. పెదనాన్న ఇంకో పెద్ద హార్డ్‌డిస్కు కొన్నారు. తీరా తగిలిస్తే పెట్టెలో ఉన్న కంట్రోలర్ కార్డు, అంటే డిస్కులన్నిటినీ మేపుకొచ్చే కార్డు, దాన్ని గుర్తుపట్టలేదు. ఇంత పెద్ద డిస్కులు పుడతాయని అది పుట్టినప్పుడు దానికెవరూ చెప్పలేదు. దాని ఫర్మ్‌వేర్ మార్చాలి. ఫర్మ్‌వేర్ అంటే ఏమిటని పెద్దమ్మ అడిగితే, "కార్డుకి పుట్టుకతో వచ్చిన బుద్ధి పెద్దమ్మా" అన్నాను.

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు కదరా."

"దీనికి ఫ్లాపీతో పోతుంది."

"పాత బుద్ధి చెరిపి కొత్తది రాసేలోపు కరెంటు పోతే?"

ఈ ప్రశ్న నన్నెవరూ అడగరనుకున్నాను. పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు, కార్డు చస్తుంది, డిస్కుల్లో ఉన్నవాళ్ళని బయటికి పిలిచేవాడుండడు అని చెప్పాల్సి వచ్చింది. పెద్దమ్మ పెదనాన్న వైపు చూసింది. "మీకు కావలసింది అదేగా" అంది. "నాకేం కావాలే" అన్నారాయన మజ్జిగ రంగు మొహంతో.

ముహూర్తం మీద నమ్మకం లేని పెదనాన్న, సబ్‌స్టేషనుకి ఫోన్ చేసి కరెంటు ఎప్పుడు తీయరో కనుక్కుని, దాన్ని సైన్సు అన్నారు. ఆదివారం మధ్యాహ్నం కుదిరింది. ఆ రోజు ఆ ఇంట్లో ఏ శుభకార్యానికీ జరగని ఏర్పాట్లు జరిగాయి. ఫ్రిజ్ ఆపారు, మిక్సీ వైరు పీకారు, కాలింగ్‌బెల్ విప్పారు. మా షాపునుంచి నేను ఒక యూపీఎస్ తెచ్చాను, మెయిన్ పోయినా కాసేపు నిలబెడుతుందని. పెద్దమ్మ పెట్టెకి కుంకుమ బొట్టు పెట్టింది. నేను ఫ్లాపీ దూర్చి మీట నొక్కాను. తెర మీద అంకె నత్తలా పాకడం మొదలుపెట్టింది. "ఎవరొచ్చినా ఇక్కణ్ణించి కదలకు" అన్నారు పెదనాన్న. "నా శవమే కదులుతుంది" అన్నాను.

ముప్ఫై దాటుతుండగా ఉరిమింది. ఎండాకాలం వానలు చెప్పి రావు. ఆ వెంటనే టపటపా నాలుగు చినుకులు.

"ఒరేయ్, వడియాలు" అంది పెద్దమ్మ.

ఇక్కడ పాఠకులు మమ్మల్ని అర్థం చేసుకోవాలి. డాబా మీద పాత చీర పరిచి, పొద్దున్నే పెట్టిన గుమ్మడి వడియాలున్నాయి. మా వైపు పుట్టినవాడు ఏ పనిలో ఉన్నా, ప్రధానమంత్రితో మాట్లాడుతున్నా సరే, చినుకు చప్పుడుకి "వడియాలు" అన్న మాట తోడైతే వాడి కాళ్ళు మెట్ల మీద ఉంటాయి. నా కాళ్ళూ ఉన్నాయి. నా ముందు రెండు మెట్లు పైన పెదనాన్న కాళ్ళున్నాయి. ఇద్దరం చీర నాలుగు చెంగులూ పట్టుకుని, ఒక్క వడియం రాలకుండా, పెళ్ళికూతుర్ని బుట్టలో దించినంత జాగ్రత్తగా కిందికి దించాం.

కింద నిశ్శబ్దంగా ఉంది. రైసుమిల్లు ఆగిపోయి ఉంది.

పెద్దమ్మకి చిన్నప్పుడు వాళ్ళింట్లో పిడుగుపాటుకి రేడియో కాలిపోయిందట. ఆనాటినుంచి తాతగారు, ఉరిమితే మెయిన్ కట్టెయ్యడం ఆవిడకి పాఠంలా నేర్పారు. మబ్బు పడితే పేరు పెట్టి కేకేసేవారు. ఆవిడ పరుగెత్తి మీట దించి, "దించాను నాన్నా" అని ఒప్పజెప్పాలి. ఆ చెయ్యి ఇన్నేళ్ళ తర్వాత కూడా ఉరుముకి తనంతట తనే లేచింది. మెయిన్ పోగానే నా యూపీఎస్ కీచుకీచుమని అరవడం మొదలెట్టింది. పిడుగు పడబోతోందని మిషను ముందే కనిపెట్టి ఏడుస్తోందనుకుని, పాపం, పెద్దమ్మ దాని మీట కూడా నొక్కి నోరు మూయించింది.

చీర చెంగు పట్టుకునే నేను తెర వైపు చూశాను. నల్లగా ఉంది. పెద్దమ్మ మెయిన్ దగ్గరే నిలబడి, తన చేతి వంక తనే చూసుకుంది. "నాన్న పోయాడా?" అని అడిగింది. ఆ ఇంట్లో ఆ మాట రెండోసారి వినిపించింది.

"ఉన్నారు పెద్దమ్మా. డిస్కులోనే ఉన్నారు. తలుపే తెరుచుకోవట్లేదు" అన్నాను. మదర్‌బోర్డు వీకయిందని మాత్రం అనలేకపోయాను.

అలాంటి కార్డు కోసం షాపులన్నీ తిరిగాను. "ఇది మ్యూజియంలో అడగాలి తమ్ముడూ" అన్నారు. పెదనాన్న చొక్కా వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని మైలవరం బస్సెక్కారు. పంట కోసేసినా చేను చుట్టూ కర్రలకి టేపు ఇంకా వేలాడుతూనే ఉంది. ఎండకి నలుపంతా రాలిపోయి, ఉల్లిపొర రంగుకొచ్చింది. దాని మీద రెండు చిలకలు ఊగుతున్నాయి.

"ఏ పెళ్ళి కావాలి అన్నయ్యా?" అన్నాడు బాబాయి. "రేకుల షెడ్డునుంచి బోరు దాకా మీ మరదలి గారి పెళ్ళే. బోరు దగ్గర నా పెళ్ళి కలుస్తుంది. నాది తీసుకెళ్ళినా నాకభ్యంతరం లేదు."

పెదనాన్న షెడ్డునుంచి బోరు దాకా నడిచారు, ఒక చేత్తో టేపుని తడుముకుంటూ. మళ్ళీ బోరునుంచి షెడ్డు దాకా వచ్చారు. తను మజ్జిగలో కూర్చున్న క్షణం కోసం ఒక మనిషి అంత శ్రద్ధగా వెతకడం నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. తిరుగు బస్సులో కిటికీలోంచి చూస్తూ, "మీ పెద్దమ్మ అన్నం సరిగ్గా తినట్లేదురా" అన్నారు.

ఆ వారమంతా షాపు ఎగ్గొట్టి నెట్ సెంటర్లో కూర్చున్నాను. ఏ దేశంవాడో, మాలాగే ఇంట్లో సర్వరు పెట్టుకుని మాలాగే కార్డు చంపుకున్న పుణ్యాత్ముడొకడు దాన్ని బతికించుకున్న పద్ధతి రాసిపెట్టాడు. (వాళ్ళింట్లో వడియాలున్నాయో లేదో రాయలేదు.) కార్డు మీద ఒక మూల ఆవగింజలంత రెండు చుక్కలుంటాయి. మిషను ఆన్ చేసేటప్పుడు ఆ రెంటినీ ఇనప ముక్కతో కలిపి పట్టుకుంటే, కార్డు తనకి పట్టిన సగం బుద్ధిని పక్కనపెట్టి పడుకుంటుంది. పడుకున్నదాని మీద మళ్ళీ మొదటినుంచి రాయొచ్చు.

ఇనప ముక్క అనగానే పెద్దమ్మ పుస్తెలతాడుకి వేలాడుతున్న పిన్నీసు తీసి ఇచ్చింది. నేను చుక్కలు తప్ప మిగతా కార్డంతా గీశాను. "ఇటివ్వు" అని తనే పట్టుకుంది. పెదనాన్న ఆన్ చేశారు. తెర మీద కార్డు పేరు కనబడింది. నేను ఫ్లాపీ దూర్చాను. అంకె పాకడం మొదలుపెట్టింది. పెద్దమ్మ లేచి మెయిన్ దగ్గరికి వెళ్ళింది.

"నువ్వెందుకే అక్కడ?" అన్నారు పెదనాన్న.

"నా చేతిని నేనే కాసుకుంటా."

బయట ఎండ మండిపోతోంది. డాబా మీద వడియాలు ఇంకో వాయి ఉన్నాయి. ముందే దించేద్దామంటే, "అంత ఎండలో ఎవరైనా దించుతారా" అంది. సగం దాటాక గదిలో వెలుతురు తగ్గింది. నేను యూపీఎస్‌ని ఒళ్ళో పెట్టుకున్నాను. దూరంగా, కృష్ణ అవతల ఎక్కడో, ఒక ఉరుము దొర్లింది. తర్వాతది పటమటలోనే.

"ఏమండీ, ఉరుముతోంది."

"ఉరమనీ."

చినుకులు మొదలయ్యాయి.

"వడియాలు."

"తడవనీ."

నా కాళ్ళు నన్ను లాగుతున్నాయి. కుర్చీ కోడుని మెలేసి పట్టుకున్నాను. మళ్ళీ ఉరిమింది, కిటికీ తలుపులు అదిరేలా. పెద్దమ్మ కుడిచెయ్యి లేచింది. లేచిన చేతిని ఎడమచెయ్యి వచ్చి పట్టుకుంది. రెంటినీ వెనక్కి పెట్టుకుని, బడిలో గోడకుర్చీ వేయించిన పిల్లలా కళ్ళు మూసుకుని, "దించను నాన్నా" అంది, పైకి వినబడీ వినబడకుండా. డాబా మీద గుమ్మడి వడియాలు మళ్ళీ పిండిగా మారుతున్న చప్పుడు మా ముగ్గురికీ స్పష్టంగా వినిపించింది. అంకె నూరు దగ్గర ఆగింది.

"అయిందా?" అన్నారు పెదనాన్న.

"అయింది."

ఆయన పెద్దమ్మ వైపు చూశారు. "రెండూ అయ్యాయి" అన్నారు.

ఆ సాయంత్రం తాతగారు మళ్ళీ నవ్వారు. ఆ నవ్వుకి చప్పుడుండదు. ఆ రోజుల్లో పెళ్ళి క్యాసెట్ల మీద మొదటినుంచి చివరిదాకా సినిమా పాటలు కప్పేసేవారు, అందులో ఆయన నవ్వూ కొట్టుకుపోయింది. తెర మీద పళ్ళు కనబడగానే పెద్దమ్మ ఎప్పటిలాగే, వాళ్ళ నాన్న ఎలా నవ్వారో తనే నవ్వి వినిపించింది. ఎప్పటిలా లేనిది ఒక్కటే. పెదనాన్న మొక్కలకి నీళ్ళు పోయడానికి వెళ్ళలేదు. (వాన కురుస్తోందనుకోండి. అయినా అది కారణం కాదని నా నమ్మకం.)

ఇప్పుడు బుద్ధి మార్చుకోవడం చాలా తేలికయింది. నేను నిద్రపోతుంటే నా ఫోను తనంతట తనే కొత్త బుద్ధి రాసుకుని, పొద్దున్నే ఏమీ ఎరగనట్టు పలకరిస్తుంది. నాకే ఆ సౌకర్యం రాలేదు. మేముండేది అపార్టుమెంటులో. డాబా తాళంచెవి అసోసియేషన్ వాళ్ళ దగ్గరుంటుంది. అక్కడ ఎండడానికి మాకేమీ లేదు. అయినా వేసవిలో నాలుగు చినుకులు పడితే, చదువుతున్న పేపరు పక్కన పడేసి మెట్లగది దాకా వెళ్ళిపోతాను. "ఎక్కడికండీ?" అంటుంది మా ఆవిడ. అప్పుడు గుర్తొస్తుంది. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, తాళం వేసిన తలుపు ముందు, వాన వెలిసేదాకా నిలబడతాను.