పసుపు రాసుకున్న కంప్యూటర్

నేను అబద్ధాలు చెప్పనని కరీంనగర్‌లో ఎవరైనా అంటే, ఆ మనిషికి నేను తెలియదని అర్థం. ఉట్నూర్ దారిలో పులి మా జీపుకు అడ్డం నిలబడి లిఫ్ట్ అడిగిందనీ, లోపల జాగా లేదని డ్రైవర్ అంటే టాప్ మీద కూర్చుంటానందనీ నేను చెప్పే కథ ఇక్కడ అందరూ విన్నదే. ఇప్పుడు చెప్పేదాంట్లో పులి లేదు. అందుకేనేమో, దీన్ని ఎవరూ నమ్మడం లేదు.

నాకొక చిన్న ఫోటో స్టూడియో ఉంది. భైంసాలో నా చిన్నప్పటి దోస్తుకు మ్యాచింగ్ సెంటర్ ఉంది. చీరకు సరిపడే జాకెట్ ముక్కలు, లైనింగులు, ఫాల్స్ అమ్ముతాడు. నేనతన్ని భాయ్ అంటాను. వాళ్ల నాన్న కాలం నుంచీ ఆ దుకాణంలో ఒకటే పద్ధతి. కత్తెర పెట్టేముందు చీరనూ బట్టనూ పట్టుకుని మెట్ల మీదికి వచ్చి ఎండలో చూపించాలి. ట్యూబులైటు కింద బాగుందన్న రంగును భాయ్ లెక్కలోకి తీసుకోడు.

అతని గిరాకీలో అందరికంటే పెద్దది ఉట్నూర్‌లో కుట్టుమిషన్ పెట్టుకున్న ఒక టైలరమ్మ. చుట్టుపక్కల గూడేల జాకెట్లన్నీ ఆమే కుడుతుంది. ప్రతి ముక్కకూ భైంసా మెట్ల దాకా రావడం ఆమె వల్ల కాదు. అందుకని దుకాణంలోని రెండు వందల పైచిలుకు రంగులనూ నేను ఫోటోలు తీసి, నంబర్లు వేసి, ఆమె ఫోన్లో చూసుకునేట్టు ఒక క్యాటలాగ్ చేసిచ్చాను. ఆమె నంబర్ చెబుతుంది, ముక్క బస్సెక్కుతుంది.

ఎక్కిన ముక్కల్లో నాలుగింట ఒకటి, ఫోన్లో చూసిన రంగు ఇది కాదంటూ అదే బస్సులో తిరిగొచ్చేది. భాయ్ ఫోన్ చేశాడు.

"నీ నోరొక్కటే గిట్ల అనుకున్న యార్. నీ కంప్యూటర్ సుత నీ లెక్కనే ఉన్నది."

ఆ మాట గుచ్చుకుంది. నా మాటలు నమ్మకపోతే పర్వాలేదు, వాటికి అలవాటే. నా ఫోటోలను అలా అనడం మాత్రం తట్టుకోలేకపోయాను. తెరమీది రంగును కొలిచి సరిచేసే పరికరాలుంటాయని తెలుసు. పెద్ద కంపెనీలవి నాలాంటివాడికి అందేవి కావు. వెతగ్గా వెతగ్గా ఒకటి దొరికింది. దాని లోపలి నక్షా, నడిపే ప్రోగ్రాం అంతా తయారుచేసినవాళ్లే నెట్‌లో అందరి ముందూ పెట్టేశారు. ఎవరైనా చూసుకోవచ్చు, చెడిపోతే విప్పి బాగుచేసుకోవచ్చు. ధర కూడా మనకు అందేట్టే ఉంది. జన్మలో ఏదీ ఉన్నదున్నట్టు చెప్పని నాకు, కడుపులో ఏదీ దాచుకోని ఈ వస్తువు తెగ నచ్చింది.

పరికరం వచ్చింది, చిన్న డబ్బీ. అరచేతిలో పట్టేంత ఉంది. ఒకవైపు వైరు, ఒకవైపు రంగును చూసే కన్ను. ఆ కన్ను లేత నీలంగా మెరుస్తుంటే చలువ కళ్లద్దాలకు వేసినట్టు ఏదో పూత వేశారనుకుని మురిసిపోయాను.

దాన్ని తెరకు ఆనించి వేలాడదీస్తే, కంప్యూటర్ ఒక్కో రంగు గడిని వేసి చూపిస్తుంది, డబ్బీ కొలుస్తుంది. గంటకు పైగా పట్టే పని. కిటికీలు మూయాలి. ఫ్యాన్ గాలికి డబ్బీ ఊగుతుంది కాబట్టి ఫ్యాన్ ఆపాలి. మే నెలలో కరీంనగర్‌లో ఫ్యాన్ ఆపి కూర్చోవడమంటే ఏమిటో చెబితే, అదీ నా కథల్లో కలిపేస్తారు. మొదటిసారి ముప్పావు పని అయ్యాక కరెంటు పోయింది. రెండోసారి డబ్బీ జారి కింద పడింది. మూడోసారి అంతా పూర్తయింది. తెర పచ్చగా, పసుపు రాసిన పెళ్లికూతురిలా తయారైంది.

ఏదో తప్పు చేశానని మళ్లీ కొలిచాను. పసుపే. గులాబీ రంగు గోడకు నల్లగుడ్డ కట్టి కొలిచాను. నా తెల్లచొక్కా వెలుగు పడుతోందేమోనని నల్లచొక్కా వేసుకుని కొలిచాను. పసుపే. చివరికి నా మీద నాకే అనుమానమొచ్చింది. ఇన్నాళ్లూ చూసిన తెలుపే దొంగ తెలుపేమో, అసలు తెలుపు ఇదేనేమో! మిషన్‌కు అబద్ధమాడాల్సిన అవసరమేముంది?

ఆ పసుపు తెర ముందు కూర్చుని క్యాటలాగ్ మొత్తం మళ్లీ దిద్దాను. ప్రతి ఫోటో పసుపుగా కనబడుతోంది కాబట్టి, ఆ పసుపు విరగడానికి ప్రతిదాంట్లో కాస్త నీలం కలిపాను. పది రోజులు పట్టింది. మెడ పట్టేసింది.

ఈసారి నాలుగింట మూడు తిరిగొచ్చాయి. టైలరమ్మ ఆకుపచ్చ అనుకుని నంబర్ చెబితే చిలకపచ్చ చేరింది. ఇంకొక్క ముక్క తప్పుగా వస్తే బేరం వేరే దుకాణంలో చూసుకుంటానని ఆమె చెప్పేసింది. మర్నాడే భాయ్ సంచీ నిండా ముక్కలు పెట్టుకుని బస్సు దిగాడు.

నమస్తే లేదు, సలాం లేదు. చిలకపచ్చ ముక్క తీసి స్టూడియో గుమ్మంలో ఎండకు పట్టి చూశాడు. లోపలికొచ్చి తెరవంక చూశాడు.

"ఏంది యార్, దీనికి పసుపు రాసినవ్? లగ్గమా?"

"నవ్వకు భాయ్. గదే అసలు రంగు. మిషన్ కొలిచి చెప్పింది."

"మిషన్ ఎండల నిలవడి చూసిందా?"

"నీకు సమజ్ కాదు. ఎన్ని వందల రంగులు కొలిచిందో ఎరికేనా? మిషన్ అబద్ధమాడది!"

"నువ్వు కొన్నంక నేర్చిందేమో." చెయ్యి చాపాడు. "జర ఇటు ఇయ్యి, చూస్త."

నలభై ఏళ్లుగా బట్ట అమ్ముతున్న మనిషి. ఏది చేతికిచ్చినా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రుద్దనిదే ఊరుకోడు. డబ్బీనీ అలాగే రుద్దాడు. కన్ను దగ్గర వేలు ఆగింది. గోరు పెట్టి గీకాడు.

"అరే, అరే! గది లెన్స్ భాయ్, ఖరాబైతది!"

చర్రుమని ఊడొచ్చింది, రూపాయి బిళ్లంత నీలి ప్లాస్టిక్ పొర. గీతలు పడకుండా అంటించి పంపే కవరు. కన్ను దాన్లోంచి చూస్తూ, తెర నీలంగా ఉందని చెబుతూ వచ్చింది. కంప్యూటర్ దాని మాట విని నీలాన్ని తగ్గిస్తూ, తెరను పసుపు చేస్తూ పోయింది. మా ఇంట్లో టీవీ రిమోట్ ఇప్పటికీ కవర్లోనే ఉంటుంది. స్కూటర్ సీటు మీది పాలిథిన్ చినిగిపోయి పీలికలయ్యాక కూడా మా అవ్వ తీయనివ్వలేదు. కొత్త వస్తువు మీది కవర్ తీయాలన్న ఆలోచన ఈ జన్మలో నాకెక్కడినుంచి వస్తుంది?

భాయ్ ఆ పొరను కంటికి అడ్డం పెట్టుకుని నన్ను చూశాడు.

"నీలంగ కనవడుతున్నవ్ యార్. మస్తున్నవ్."

అతన్ని కూర్చోబెట్టి, ఫ్యాన్ ఆపి, మళ్లీ కొలిచాను. గంటంబావు సేపు ఇద్దరం చెమటలు కార్చుకుంటూ కూర్చున్నాం. "గీ ఉడుకపోతల రంగులేమో గని మనం కరుగుతం," అంటూ సణిగాడే కానీ లేవలేదు. అయిపోయింది. తెలుపు తెల్లగా వచ్చింది. చిలకపచ్చ ముక్కను మళ్లీ కొత్తగా ఫోటో తీసి తెరమీద వేశాను. భాయ్ గుమ్మంలోకి వెళ్లాడు, వచ్చాడు, మళ్లీ వెళ్లాడు, వచ్చాడు. ముక్కను మడతపెట్టి సంచీలో వేసుకున్నాడు. అతను మడతపెట్టాడంటే రంగు కలిసిందని అర్థం.

"అన్నీ మళ్ల తియ్యి," అన్నాడు. అంటే పది రోజుల దిద్దుబాటంతా గంగలో కలిసింది.

ముందుగా ఆ ఒక్క ఫోటో టైలరమ్మకు పంపి, వెనకే ముక్కను బస్సులో పంపాం. మిగతావి తీయడానికి నేను భైంసా వెళ్లి దుకాణంలో ఉండగానే ఆమె ఫోన్ వచ్చింది. భాయ్ స్పీకర్ పెట్టాడు.

"ముక్క ముట్టింది అన్నా. ఫోన్ల ఎట్లున్నదో గట్లనే ఉన్నది. ఇగ మీ దగ్గర్నే తీసుకుంట. ఫోటోలు తీసేటాయనను మార్చిండ్రా ఏంది?"

భాయ్ నా కళ్లలోకి చూస్తూ అన్నాడు:

"అవ్ అక్కా, మార్చిన. పాతాయన ఒట్టి అబద్ధాలకోరు. గీయన కొత్తగ వచ్చిండు, మంచోడు. మాట్లాడుతవా?"

ఫోన్ నా చేతిలో పెట్టాడు. కవర్ సంగతంతా చెప్పేద్దామని నోరు తెరిచాను. చెబితే నమ్ముతుందా? నమ్మితే పాతవాడే ఉన్నాడని ముక్కలు మానేస్తుందా? నా గొంతు ఆమెకు ముందే తెలుసు కాబట్టి, దాన్ని సన్నగా చేసి, "నమస్తే అక్కా, నేను కొత్తాయన్ని," అన్నాను.

అప్పటినుంచీ ఆమె ఫోన్ చేసినప్పుడల్లా ఆ సన్న గొంతుతోనే మాట్లాడుతున్నాను.